పెరట్లో పందిరికి పర్మిట్: ఫీనిక్స్ ఎండలో నీడ కోసం తిప్పలు

నీడ_కావాలి
మాది అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ పక్కన ఒక నగరం. పేరు రాయను, మళ్లీ అదే కౌంటరుకు వెళ్లాల్సినవాణ్ని. ఇంటి వెనుక వైపు పడమర. మధ్యాహ్నం మూడు దాటితే పెరటి గాజు తలుపు మీద చెయ్యి పెట్టలేం. వేసవి వస్తే పిల్లలు పెరటి ముఖమే చూడరు. అందుకని ఇంటి గోడకు ఆనించి 20 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున అల్యూమినియం పందిరి వేయిద్దామనుకున్నాం. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు రంగు చూశారు, ఎత్తు చూశారు, పక్కింటివాళ్ల సంతకం కూడా చూసి సరే అన్నారు. ఇక పని మొదలుపెట్టడమే అనుకుంటుంటే నగరం వాళ్లు దరఖాస్తు తిప్పి పంపారు. హద్దు నుంచి దూరాలు చూపలేదట. ఈజ్‌మెంటు గీత లేదట. ఇంటికి ఎలా బిగిస్తారో లేదట. స్తంభాల కింద పునాది వివరం లేదట.

నేను అడిగింది మేడ కాదు, పందిరి. ఎవరైనా ఈ మధ్య వేయించారా? ఇవన్నీ నిజంగా కావాలా, లేక గట్టిగా అడిగితే వదిలేస్తారా?

రెంటచింతల_రాజు
మా ఊళ్లో ఎండ తక్కువేమీ కాదు. నాలుగు రాటలు, పైన నాలుగు వెదుళ్లు, బండెడు తాటాకు. పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకు చలువ పందిరి కింద మంచం పడేది. పంచాయతీ వాళ్లు వచ్చేవారు, మజ్జిగ తాగడానికి.

గొడుగు_తప్పదు
పర్మిట్ లేకుండా వేయించండి. పెరట్లో ఏముందో ఎవరికి కనిపిస్తుంది? 200 చదరపు అడుగుల లోపు అయితే అసలు పర్మిట్ అక్కర్లేదు. 14 అడుగులు కాస్తా 10 చేసుకోండి, గొడవ ఉండదు.

సిమెంటు_చేతులు
నీడ_కావాలి గారూ, ఆ నాలుగు అభ్యంతరాలూ మామూలువే. మీ మీద కక్షేమీ లేదు. ఇక్కడ నీడకు మూడు గడపలు దాటాలి, ఒక గడపతో ఇంకొక గడపకు సంబంధం లేదు. హెచ్‌ఓఏ చూసేది అందం: రంగు, ఎత్తు, వీధిలోకి కనిపిస్తుందా లేదా. నగరంలో జోనింగు విభాగం చూసేది చోటు: హద్దుకు ఎంత దూరం, స్థలంలో ఎంత భాగం కప్పు కిందకు పోయింది. బిల్డింగ్ విభాగం చూసేది బలం. హెచ్‌ఓఏ ఉత్తరం తీసుకెళ్లి నగరం కౌంటరులో పెడితే వాళ్లు దాన్ని పక్కకు జరుపుతారు. నగరం పర్మిట్ చూపిస్తే హెచ్‌ఓఏ కూడా అంతే చేస్తుంది.

బలం అంటే ఎండకు కాదు, గాలికి. ఈ సంగతి చాలామందికి తట్టదు. మనం ఎండ గురించి ఆలోచిస్తూ దరఖాస్తు పెడతాం, వాళ్లు గాలి గురించి ఆలోచిస్తూ చదువుతారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 దాకా ఇక్కడి వానాకాలం. వాన సంగతి దేవుడెరుగు, ముందొచ్చేది దుమ్ము గోడ, దాని వెంట ఈడ్చి కొట్టే గాలి. కప్పు కింద గాలి దూరితే పందిరిని పైకి లేపుతుంది. ఫీనిక్స్‌లో నేల గడ్డకట్టేంత చలి లేదు. అయినా పునాది లోతు అడుగుతున్నారంటే స్తంభం కిందకు దిగుతుందని కాదు, పైకి లేస్తుందని.

ప్లాను_పిచ్చి
గొడుగు_తప్పదు గారూ, ఆ 200 చదరపు అడుగుల మాట సగం నిజం. నగరాలు తమ కట్టడాల నియమాలకు ఆధారంగా తీసుకునే నమూనా కోడ్‌లో ఆ మినహాయింపు ఇంటికి తగలకుండా విడిగా ఉండే చిన్న కట్టడాలకు: సామాను కొట్టు, పిల్లల ఆటగది లాంటివాటికి. ఇంటి గోడకు బిగించినది అందులోకి రాదు, 100 చదరపు అడుగులైనా సరే. ఎందుకంటే దాని బరువూ, గాలి లాగుడూ మీ ఇంటి గోడ మీద పడతాయి. పైగా అదే కోడ్ ఇంకో మాట కూడా చెబుతుంది: పర్మిట్ అక్కర్లేదంటే మిగతా నియమాలు వర్తించవని కాదు. విడిగా వేసిన చిన్న పందిరైనా హద్దుకు ఇంత దూరంలో ఉండాలన్న జోనింగు నియమం అలాగే ఉంటుంది. ఆ మినహాయింపును ఏ నగరానికి ఆ నగరం కొంత మార్చుకుంటుంది కూడా. ఫీనిక్స్‌లో ఉన్నది పక్కనున్న చాండ్లర్‌లో ఉండాలని లేదు.

గొడుగు_తప్పదు
మా వీధిలో సగం పందిళ్లకు పర్మిట్ లేదు. ఎవరూ రాలేదు.

గిల్బర్ట్_గాలి
రానిది ఇన్‌స్పెక్టరే. గాలి వస్తుంది. మా వెనుక ఇంట్లో చెక్క పెర్గోలా (స్తంభాల మీద వాసాలు పరిచిన పందిరి) ఉండేది, బజారులో దొరికే పెట్టెలో సామాను తెచ్చి వాళ్లే బిగించుకున్నారు. స్తంభాలకు పునాది లేదు. పేవరు రాళ్ల మీద నిలబెట్టి మేకులు కొట్టారు. ఒక జులై సాయంత్రం దుమ్ము లేచింది. కిటికీలు మూసి లోపల కూర్చున్నాం. పెద్ద చప్పుడైంది. తలుపు తీసి చూస్తే ఆ పెర్గోలా గోడ దాటి మా ఈతకొలనులో తలకిందులుగా ఉంది. వాసాలు విరిగి నీళ్లలో తేలుతున్నాయి, ఒక స్తంభం మాత్రం పైకి నిలబడింది. దాని అడుగున నాలుగు మేకులు, చిన్న రాతి ముక్క అతుక్కుని. పిల్లలు లోపల ఉన్నారు కాబట్టి సరిపోయింది.

రెంటచింతల_రాజు
పెళ్లికి ముందే పందిరి అత్తారింటికి వెళ్లిందన్నమాట.

నీడ_కావాలి
సిమెంటు_చేతులు గారూ, మాది ఇంటికి ఆనించేదే. ఇప్పటికే వెనుక పది అడుగుల కాంక్రీటు అరుగు ఉంది. కాంట్రాక్టర్ అంటాడు, స్తంభాలు దాని మీదే బిగిద్దాం, గుంతలు తవ్వడం ఎందుకు, డబ్బు దండగ అని. నగరం వాళ్లు అడిగిన పునాది వివరం అదేనా?

సిమెంటు_చేతులు
అదే. ఆ కాంట్రాక్టరును కాస్త ఆపండి. ముందు గరాజులోకి వెళ్లి నేల చూడండి. ఈ వ్యాలీలో, అంటే ఫీనిక్స్ చుట్టుపక్కల, చాలా కొత్త ఇళ్లకు నేల పలకలో బిగించిన ఉక్కు తీగలుంటాయి, పోస్ట్ టెన్షన్ అంటారు. కోయవద్దు, డ్రిల్లు వేయవద్దు అని గరాజు కాంక్రీటు మీదే ముద్ర ఉంటుంది, సాధారణంగా పెద్ద తలుపు దగ్గర. మీ అరుగు ఇంటి పలకతో కలిపి పోసిందైతే అందులోనూ తీగలు ఉండవచ్చు. బిగువులో ఉన్న తీగ తెగితే ప్రమాదం, మరమ్మతుకు అయ్యే ఖర్చు పందిరి ఖర్చును దాటవచ్చు. అరుగు విడిగా పోసిందైతే తీగల భయం లేదు కానీ, అది నాలుగు అంగుళాల పలక మాత్రమే. దాన్ని పట్టుకుని స్తంభం గాలికి ఎదురు నిలబడలేదు. మీ పందిరి ఎలాగూ 14 అడుగులు ముందుకు వస్తుంది, స్తంభాలు అరుగు అంచు దాటి మట్టిలోనే పడతాయి. విడిగా గుంతలు తీసి పునాది పోయించడమే మంచిది.

ప్లాను_పిచ్చి
దరఖాస్తు ఎలా సరిచేయాలో చెబుతాను, ఇంజనీరు అవసరం పడకపోవచ్చు. కౌంటీ (మన జిల్లా లాంటిది) రికార్డుల్లో మీ కాలనీ ప్లాట్ మ్యాపు దొరుకుతుంది. మీ స్థలం నంబరు పట్టుకుని తెరవండి. హద్దుల కొలతలు, ఈజ్‌మెంటు గీతలు అందులోనే ఉంటాయి. ఈజ్‌మెంటు అంటే కరెంటు, నీళ్లు, ఫోను తీగలు పోవడానికి వదిలిన పట్టీ. స్థలం మీదే, కానీ అందులో కట్టకూడదు. తెల్ల కాగితం మీద స్థలం గీసి, ఇల్లు, పందిరి, కొలను ఉంటే కొలను పెట్టి, పందిరి ప్రతి అంచు నుంచి హద్దుకు ఎన్ని అడుగులో బాణం గుర్తులతో రాయండి. స్తంభం నుంచి మాత్రమే కాదు, కప్పు అంచు నుంచి కూడా. చాలామంది స్తంభం నుంచే కొలిచి ఇస్తారు, అక్కడే తిరిగి వస్తుంది. హద్దుకు 5 అడుగుల లోపు వస్తే నిప్పుకు సంబంధించిన నియమాలు కూడా ముందుకొస్తాయి, అంత దగ్గరకు వెళ్లవద్దు.

ఇక బిగింపు, పునాది. అల్యూమినియం పందిరి కంపెనీ సరుకు అయితే దానికి సాధారణంగా ఐసీసీ (ఆ నమూనా కోడ్ రాసే సంస్థ) వాళ్ల మూల్యాంకన రిపోర్టు ఉంటుంది. అందులో పట్టికలు: దూలం ఎంత పొడవుకు ఎన్ని స్తంభాలు, ఎంత గాలికి ఎంత పునాది. కాంట్రాక్టరును ఆ రిపోర్టు అడిగి, మీ కొలతలకు సరిపడే వరుస మీద పెన్నుతో గుండ్రంగా చుట్టి జత చేయండి. రిపోర్టు మొత్తం కట్టగా పడేస్తే చూసేవాడు వెతకడు, తిప్పి పంపుతాడు. చెక్క పందిరి అయితే చాలా నగరాలు ముందే గీసి పెట్టిన ప్రామాణిక డ్రాయింగు ఇస్తాయి, దాన్నే వాడుకోవచ్చు.

ఈశాన్యం_ఖాళీ
పడమర పందిరి వేస్తున్నారు కాబట్టి వాస్తుకు కూడా మంచిదే. పడమర, నైరుతి బరువు ఉండాలి, ఈశాన్యం తెరిచి ఉండాలి అంటారు. ఇక్కడి ఎండ కూడా పడమర నుంచే కదా కాల్చేది.

ప్లాను_పిచ్చి
మొదటిసారి వాస్తు, సూర్యుడు, జోనింగు ఒకే మాట మీదకు వచ్చాయి. ముగ్గురి సంతకాలూ తీసుకోండి.

కాక్టస్_కాపు
నాకు నవ్వొచ్చేది ఒకటే. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు పగటి గరిష్ఠం 110 డిగ్రీలకు తగ్గలేదు, అంటే మన లెక్కలో 43 పైన. 2024లో 100 డిగ్రీలు దాటిన రోజులు వరుసగా 113. అదే 2024లో ఫీనిక్స్ నగరం నీడ ప్రణాళిక ఒకటి ఆమోదించింది: ఐదేళ్లలో 27,000 చెట్లు, 550 నీడ కట్టడాలు. సాయంత్రం ఎండ ఇంకో గంట మాకొద్దని 1968 నుంచి గడియారమే మార్చని రాష్ట్రం ఇది. ఇంత తెలిసినవాళ్లు సొంత డబ్బుతో పందిరి వేసుకునేవాడిని కౌంటరు చుట్టూ తిప్పుతారు. వాళ్ల నీడ వేరు, మన నీడ వేరా?

సిమెంటు_చేతులు
కాక్టస్_కాపు గారి కోపంతో సగం ఏకీభవిస్తాను. చోటు విషయంలో కొంచెం వెసులుబాటు ఇచ్చారు కూడా. ఫీనిక్స్ జోనింగు నియమాల్లో కొన్ని ఇళ్ల జోన్లకు అసలు ఇంటికి 40 శాతం, ఇంటికి ఆనించిన నీడ కట్టడాలతో కలిపి 50 శాతం దాకా స్థలం కప్పవచ్చు. అంటే నీడ కోసమే పది శాతం పక్కన పెట్టారు. కానీ బలం విషయంలో వదలమంటే నేను ఒప్పుకోను. గిల్బర్ట్_గాలి గారి కొలను చూశారుగా.

కాక్టస్_కాపు
బలం వద్దనలేదు. 280 చదరపు అడుగుల పందిరికి గీత ఎక్కడ తప్పిందో మొదటిసారే అన్నీ కలిపి చెప్పమంటున్నాను. మాకు ఒకసారి ఒకటి, దిద్ది పంపాక ఇంకొకటి చెప్పారు.

గొడుగు_తప్పదు
అందుకే పర్మిట్ వద్దన్నది.

అమ్మకానికి_ఉంది
గొడుగు_తప్పదు గారూ, ఇల్లు అమ్మేటప్పుడు మాట్లాడదాం. ఇక్కడ అమ్మేవాడు ఇంటి వివరాల పత్రం నింపాలి. అందులో ఇంటికి చేర్చినవి ఏమిటి, వాటికి పర్మిట్లు తీసుకున్నారా అని సూటిగా అడుగుతారు. మా తోడల్లుడు అమ్మేటప్పుడు కొనేవాళ్ల తరఫు ఇన్‌స్పెక్టర్ పందిరి కిందే చాలాసేపు నిలబడ్డాడు. పైన ఫ్యాను తీగ తోట గొట్టంలోంచి లాగి ఉంది. చివరకు మా వాడు తర్వాత పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది. పునాది కనిపించాలి కాబట్టి ఒక్కో స్తంభం చుట్టూ పేవర్లు లేపి తవ్వి చూపించాడు. పని ముందే చేసినందుకు ఫీజు కూడా ఎక్కువే కట్టాడు. కొనేవాళ్లు అప్పటికే ఇంకో ఇల్లు చూసుకున్నారు.

గొడుగు_తప్పదు
ఫ్యాను తీగ తోట గొట్టంలోనా? అది మాత్రం తప్పే.

మల్లెతీగ
ఇన్ని తిప్పలు ఎందుకు, చెట్లు పెట్టండి. మెస్కీట్, పాలో వెర్డె ఈ నేలకు పుట్టినవే, నీళ్లు కూడా ఎక్కువ అడగవు. మా పెరట్లో అనపపాదుకు ఇనుప తీగల పందిరి వేశాం, మే దాకా కింద చల్లగా ఉంటుంది.

నీడ_కావాలి
జూన్‌లో?

మల్లెతీగ
జూన్‌లో పాదు మీదే గుడ్డ కప్పాలి.

టెంపే_తాత
బట్ట తెరచాప వేసుకోవచ్చు కదా, మూలలు మూడు లాగి కట్టేది. ఇంటి మూల ఒకటి, ప్రహరీ గోడకు రెండు కొక్కేలు. చవక, శీతాకాలంలో తీసి దాచుకోవచ్చు.

సిమెంటు_చేతులు
తాతగారూ, ప్రహరీకి మాత్రం కట్టవద్దు. ఆ బ్లాకు గోడ తన బరువు తాను మోయడానికి కట్టింది, పక్కకు లాగడానికి కాదు. బట్ట బిగించి కడితే గాలి లేనప్పుడే మూలల మీద లాగుడు ఉంటుంది, గాలి వస్తే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది. గోడ పగిలితే అందులో సగం పక్కింటివాళ్లది. తెరచాపకు సరైన పద్ధతి ఉక్కు స్తంభాలు, వాటికి లోతైన పునాదులు. అవి పెట్టాక చవక అన్న మాట పోతుంది. గాలి హెచ్చరిక వచ్చినప్పుడు విప్పే ఓపిక ఉంటేనే పెట్టుకోండి.

టెంపే_తాత
విప్పడానికి మనవడు ఉన్నాడు, వాడికే కడతాను బాధ్యత.

క్వీన్_క్రీక్_కోడలు
ఒక మాట ఎవరూ చెప్పలేదు. అసలు ఏ నగరానికి దరఖాస్తు పెట్టాలో ముందు చూసుకోండి. తపాలా చిరునామాలో ఉన్న ఊరు పేరు నమ్మవద్దు. గిల్బర్ట్, చాండ్లర్ మధ్యలో కూడా నగరంలో కలవని కౌంటీ ముక్కలు ఉన్నాయి, వాటికి కౌంటీ దగ్గరే పర్మిట్. క్వీన్ క్రీక్ అయితే కొంత మారికోపా కౌంటీ, కొంత పినాల్ కౌంటీ. మా పక్క వీధివాళ్లు తప్పు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి, మీది మా పరిధి కాదు అని తెలుసుకోవడానికే ఓపికంతా ఖర్చు చేశారు. కౌంటీ వెబ్‌సైటులో స్థలం నంబరు కొట్టి చూస్తే తెలిసిపోతుంది.

నీడ_కావాలి
చూశాను, మాది నగరంలోనే. ప్లాను_పిచ్చి గారు చెప్పినట్టు కప్పు అంచు నుంచి కొలిస్తే ఒక పక్క హద్దుకు దూరం చాలదు. పొడవు 18 అడుగులకు తగ్గించి మళ్లీ గీశాను. ప్లాట్‌లో ఈజ్‌మెంటు వెనుక గోడ వెంట ఉంది, పందిరికి తగలదు. గరాజు నేల మీద ముద్ర కూడా ఉంది! ఇన్నేళ్లు దాని మీదే కారు పెడుతున్నాం.

ఇంకో సందేహం. ఈ కాంట్రాక్టర్ పర్మిట్ నా పేరు మీదే తీసుకోమంటున్నాడు, ఇంటి యజమాని తీసుకుంటే సులువట. నిజమేనా?

అమ్మకానికి_ఉంది
అక్కడ ఆగండి. అతనికి లైసెన్సు ఉందా? అరిజోనాలో పని మొత్తం ఖర్చు 1,000 డాలర్ల లోపు ఉండి, పర్మిట్ అవసరం లేని పని అయితేనే లైసెన్సు లేనివాడు చేయవచ్చు. మీ పనికి పర్మిట్ కావాలి, అంటే ఆ మినహాయింపు అక్కడే పోయింది. కాంట్రాక్టర్ల రిజిస్ట్రార్ వెబ్‌సైటులో లైసెన్సు నంబరు వెతకండి, అతని మీద ఫిర్యాదులు ఉంటే అవీ కనిపిస్తాయి. లైసెన్సు ఉన్నవాడు పని చెడగొడితే రిజిస్ట్రార్ దగ్గర ఇళ్ల యజమానుల నిధి ఒకటి ఉంది, 30,000 డాలర్ల దాకా అడగవచ్చు. లేనివాడు చెడగొడితే ఆ దారి మూసుకుంటుంది.

సిమెంటు_చేతులు
యజమాని తన పేరు మీద పర్మిట్ తీసుకోవడం చట్టప్రకారం తప్పు కాదు, కానీ అది తానే కట్టుకునేవాడి కోసం పెట్టిన వెసులుబాటు. లైసెన్సు ఉన్నవాడు మీ పేరు మీద తీసుకోమంటే నాకు అనుమానమే. పర్మిట్ ఎవరి పేరు మీద ఉంటే తనిఖీలో తప్పు దొరికినప్పుడు ఫోను వాళ్లకే వస్తుంది.

నీడ_కావాలి
నంబరు అడిగితే, పంపిస్తాను అని ఇంకా పంపలేదు. ఇంకొకరిని చూస్తున్నాను. ఆవిడ ముందే ఐసీసీ రిపోర్టు పంపారు, లైసెన్సు నంబరు బిల్లు మీదే అచ్చు వేసి ఉంది. ధర కొంచెం ఎక్కువ.

రెంటచింతల_రాజు
తాటాకు ధర ఎంత ఉందో కనుక్కోమంటారా?

మెసా_మిరియం
గుంతలు తీసే ముందు 811కు (నేల కింద తీగలు, గొట్టాలు ఎక్కడున్నాయో గుర్తించేవాళ్ల ఫోను నంబరు) చెప్పడం మరిచిపోవద్దు. ఉచితం. కనీసం రెండు పనిదినాల ముందు చెబితే వచ్చి నేల మీద రంగులతో గీతలు గీస్తారు: ఎరుపు కరెంటు, పసుపు గ్యాసు, నీలం నీళ్లు. కానీ మీటరు దాటాక మీరు సొంతంగా వేయించుకున్న వాటిని వాళ్లు గుర్తించరు. తోటకు నీళ్లిచ్చే సన్న గొట్టాలు, కొలను తీగలు, బార్బెక్యూకు వేసిన గ్యాసు గొట్టం మీరే చూసుకోవాలి.

సిమెంటు_చేతులు
దానికి తోడు కలీచె. ఈ నేలలో సున్నం గట్టిపడిన పొర ఉంటుంది, పార దిగదు. గుంత తవ్వేవాడు ఒక అడుగు దిగాక ఆగి, ఇక ఇది చాలులెండి అంటాడు. చాలదు. డ్రాయింగులో ఎంత లోతు రాశారో అంత తవ్వించండి, అవసరమైతే బ్రేకరు యంత్రం తెప్పించండి. కాంక్రీటు పోయకముందు ఇన్‌స్పెక్టర్ వచ్చి గుంత చూడాలి. ఆయన టేపు పెట్టి కొలుస్తాడు. ముందే పోసేస్తే తవ్వి తీయమన్నా అనవచ్చు.

కాక్టస్_కాపు
గుంత తవ్వాక వదిలేస్తే రాత్రికి తేలు చేరుతుంది. పలక కప్పి ఉంచండి.

చాండ్లర్_చిప్పు
పందిరి మీద సోలారు పలకలు వేద్దామంటే? ఎలాగూ ఎండకేం కొదవ లేదు.

ప్లాను_పిచ్చి
వేయవచ్చు. సోలారు వద్దని హెచ్‌ఓఏ పూర్తిగా అడ్డుకోకూడదని రాష్ట్ర చట్టం ఉంది, సహేతుకమైన షరతులు మాత్రం పెట్టవచ్చు. కానీ మామూలు అల్యూమినియం పందిరి పట్టికలు పలకల బరువుకు లెక్క కట్టినవి కావు. గాలి కూడా వేరుగా పట్టుకుంటుంది. దానికి మొదటి నుంచే ఇంజనీరు సంతకంతో డ్రాయింగు, విడిగా కరెంటు పర్మిట్ కావాలి. ముందు పందిరి వేసి తర్వాత పలకలు బిగిద్దామంటే రెండుసార్లు కట్టినట్టే.

నీడ_కావాలి
దిద్దిన దరఖాస్తు ఆమోదం అయింది! ఆ కొత్త కాంట్రాక్టరే వేస్తున్నారు, పర్మిట్ కూడా వాళ్ల పేరు మీదే. కౌంటరులో ఉన్నావిడ పట్టిక మీద గుండ్రంగా చుట్టిన వరుస చూసి, ఇలా అందరూ ఇస్తే ఎంత బాగుంటుంది అన్నారు. కొలత మారింది కాబట్టి హెచ్‌ఓఏకు మళ్లీ చెప్పాలా?

అమ్మకానికి_ఉంది
చెప్పాలి. వాళ్లు ఆమోదించింది 20 అడుగులకు. తగ్గించడమే కదా అని ఊరుకోవద్దు, సవరించిన డ్రాయింగు పంపి ఉత్తరం తెప్పించుకోండి. ఆ ఉత్తరం, పర్మిట్, చివరి తనిఖీ కాగితం మూడూ ఒకే ఫైలులో దాచండి. పని మొదలుపెట్టడానికి గడువు కూడా ఉంటుంది, నమూనా కోడ్ ప్రకారం 180 రోజులు. పర్మిట్ చేతికొచ్చింది కదా అని దసరా దాకా లాగవద్దు.

నీడ_కావాలి
లాగను. ఫ్యాను ఒకటి పెట్టించాలని మా ఆవిడ. పందిరి అయ్యాక ఎప్పుడైనా పెట్టుకోవచ్చా?

సిమెంటు_చేతులు
ఇప్పుడే చెప్పండి. దానికి కరెంటు పర్మిట్ కావాలి, ఉన్నదానికి కలపమని అడగండి. దూలంలోంచి తీగ పోయే దారి బిగించేటప్పుడే పెడితే కనిపించకుండా లోపలే పోతుంది. తర్వాత అయితే కప్పు కింద గొట్టం వేలాడుతుంది. ఫ్యాను ఆరుబయట వాడేది తీసుకోండి, పెట్టె మీద తడి ప్రదేశానికి తగినదని రాసి ఉంటుంది. ఇంట్లో వాడేది బిగిస్తే చివరి తనిఖీలో ఇన్‌స్పెక్టర్ విప్పమంటారు.

గొడుగు_తప్పదు
కొత్త కాంట్రాక్టర్ నంబరు నాకు విడిగా పంపుతారా? నేను ఊరికే అడుగుతున్నాను.